విస్తరి ముందు నుంచి లేపకండి: థ్రెడ్‌ను ఆపడం, థ్రెడ్ కోసం ఆగడం

(కర్నూలులో ఇంజినీరింగ్ విద్యార్థులు, చిన్న చిన్న సాఫ్ట్‌వేర్ పనులు చేసుకునేవాళ్ళు కలిసిన చోట చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్న వెంటనే నన్ను మాట్లాడమన్నారు. ఈ టైములో ఎవరు ఏం చెప్పినా నిద్రే వస్తుంది. అందుకని నా పరువు పోయిన కథతో మొదలుపెడతాను. దానికైనా మేలుకుంటారేమో.

కొన్నేళ్ళ కిందట ఇక్కడే, మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఒక ప్రైవేటు వేబ్రిడ్జికి ప్రోగ్రామ్ రాసిచ్చాను. ఉల్లిగడ్డల లారీ వస్తుంది, సరుకుతో ఒకసారి కాటా మీదికి ఎక్కుతుంది, దింపాక ఖాళీగా ఒకసారి ఎక్కుతుంది. రెండిటికీ తేడా తీసి చీటీ ఇవ్వాలి. అంతే పని. కాటా పక్కన ఒక ఇండికేటర్ డబ్బా ఉంటుంది. అది సీరియల్ కేబుల్ మీద బరువు అంకెలు పంపుతూనే ఉంటుంది. మన ప్రోగ్రామ్‌లో ఒక థ్రెడ్, అంటే ప్రోగ్రామ్ లోపలే మిగతావాటితో పాటు విడిగా నడిచే పని, కూర్చుని ఆ అంకెలు చదువుతూ ఉంటుంది, మెయిన్ థ్రెడ్ తెర మీద చూపిస్తూ, చీటీ ప్రింట్ చేస్తూ ఉంటుంది.

నా ల్యాప్‌టాప్‌లో లైనక్స్. వాళ్ళ దగ్గర విండోస్. అందుకని క్యూటీ వాడాను. దాన్ని ‘క్యూట్’ అని పలకాలట, దాన్ని తయారుచేసినవాళ్ళే చెప్పారు. మనకు క్యూటీ అలవాటైపోయింది, అలాగే అంటాను. రెండు చోట్లా నడిచే లైబ్రరీ కదా, ఒకసారి రాస్తే చాలు అనుకున్నాను. ఆ ‘చాలు’ దగ్గరే దెబ్బ తిన్నాను.

లారీలు ఎక్కీ దిగీ ఆ అదురుకు కేబుల్ అప్పుడప్పుడు వదులయ్యేది. అంకెలు రావడం ఆగిపోయేవి. చదివే థ్రెడ్ మాత్రం ‘వస్తాయి, వస్తాయి’ అని రీడ్ పిలుపులోనే కూర్చుండిపోయేది. సరే, ‘మళ్ళీ కలుపు’ అని ఒక బటన్ పెట్టాను. దాన్ని నొక్కితే ఏం చేయాలి? పాత థ్రెడ్‌ను ఆపి కొత్తది మొదలుపెట్టాలి. పాతదేమో రీడ్‌లో ఇరుక్కుంది, చెబితే వినదు. క్యూథ్రెడ్ క్లాసులో చూస్తే టెర్మినేట్ అని ఒక ఫంక్షన్ కనిపించింది. పేరు చూస్తే నా కోసమే రాసినట్టుంది. పక్కనే డాక్యుమెంటేషన్‌లో ‘ఇది ప్రమాదకరం, వాడొద్దు’ అనే అర్థంలో స్పష్టంగా హెచ్చరిక ఉంది. సిగరెట్ పెట్టె మీద హెచ్చరికను చదివినట్టు చదివాను. టెర్మినేట్, తర్వాత వెయిట్, అంటే పాతది ముగిసేదాకా ఆగడం, తర్వాత కొత్త థ్రెడ్. ల్యాప్‌టాప్‌లో యాభై సార్లు నొక్కి చూశాను. బ్రహ్మాండంగా పనిచేసింది.

అక్కడ పెట్టిన వారానికి ఫోను. ప్రోగ్రామ్ బిగుసుకుపోతోంది. ‘మళ్ళీ కలుపు’ నొక్కిన కాసేపటికి మౌస్ కదులుతుంది గానీ కిటికీ కదలదు. రోజూ కాదు, వారానికి రెండు మూడు సార్లు. నేను పోయేసరికి ఎండలో లారీలు వరసగా నిలబడి ఉన్నాయి, ఉల్లి వాసన వస్తోంది. అక్కడి పెద్దాయన పాత రసీదు పుస్తకం తీసి చేత్తో రాస్తున్నాడు. నన్ను చూసి, “ఏమప్పా, నీ కంప్యూటర్ కన్నా మా పుస్తకమే నయం, రాసేటప్పుడు నడిమధ్యలో నిలబడదు” అన్నాడు.

తర్వాత తెలిసింది ఏమిటంటే, కేబుల్ ఊడినప్పుడే కాదు, డ్యూటీ మారినప్పుడల్లా ఎందుకైనా మంచిదని వాళ్ళు ఆ బటన్ నొక్కుతున్నారు. అంటే థ్రెడ్ ఇరుక్కున్నప్పుడు కాదు, అది హాయిగా పని చేసుకుంటున్నప్పుడు దాన్ని చంపుతున్నాం.

ఇప్పుడు ఒక్క నిమిషం ప్రోగ్రామింగ్ వదిలేయండి. మన ఇళ్ళలో పెళ్ళి భోజనాల దగ్గర, విస్తరి ముందు కూర్చున్న మనిషిని లేపడం ఎంత తప్పో మీకు తెలుసు. ఎంత తొందరున్నా, తర్వాతి బంతికి జనం వెనకాల నిలబడి ఉన్నా, ‘పెరుగు వడ్డించండి, పెరుగు వడ్డించండి’ అంటాం గానీ చెయ్యి పట్టి లేపం. ఇప్పుడు ఇంకొకటి కలపండి. ఆ తింటున్నవాడి బొడ్లో స్టోరు గది తాళంచెవి ఉంది. వాడిని లేపడం కాదు, మాయం చేసేశాం. తాళంచెవితో సహా పోయాడు. ఇక స్టోరు గది తెరిచేదెవరు? వంటవాళ్ళు తలుపు ముందు నిలబడి ఉంటారు. ఎంతసేపు? ఎప్పటికీ.

డీబగ్గర్ పెట్టి చూస్తే మా వేబ్రిడ్జిలో జరిగింది అక్షరాలా ఇదే. మెయిన్ థ్రెడ్ కొత్త మెమరీ అడిగే చోట ఆగి ఉంది. మెమరీ ఇచ్చే హీప్‌కు ఒక తాళం ఉంటుంది, ఒకేసారి ఇద్దరు చెయ్యి పెట్టకుండా. ఆ తాళం ఎవరి పేరు మీద ఉందని చూస్తే ఒక థ్రెడ్ నంబరు కనిపించింది. ఆ నంబరుతో బతికున్న థ్రెడ్ ఏదీ లేదు. చచ్చిపోయినవాడి పేరు మీద తాళం. ఆ థ్రెడ్ అంకెలను స్ట్రింగ్‌గా మార్చుకుంటూ మెమరీ అడిగిన ఆ క్షణంలో నేను చంపాను. విండోస్‌లో క్యూటీ టెర్మినేట్ లోపల పిలిచేది టెర్మినేట్‌థ్రెడ్ అనే సిస్టమ్ ఫంక్షన్‌ను. అది ఏమీ అడగదు. థ్రెడ్ ఏ గీత మీద ఉందో, చేతిలో ఏముందో చూడదు. డిస్ట్రక్టర్లు, అంటే వస్తువు పోయేటప్పుడు సర్దే కోడ్, నడవవు, తాళాలు విడవవు. హీప్ తాళం సంగతి మైక్రోసాఫ్ట్ తన డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసింది కూడా. విండోస్ ఎక్స్‌పీ కాలంలో అయితే చచ్చిన థ్రెడ్ స్టాక్ మెమరీ కూడా వెనక్కి వచ్చేది కాదు, విస్టా నుంచి ఆ ఒక్కటి సరిచేశారు.

మరి నా ల్యాప్‌టాప్‌లో యాభై సార్లు ఎందుకు బాగుంది? అసలు విషయం ఇక్కడుంది, దీనికి కొంచెం టైము తీసుకుంటాను.

లైనక్స్‌లో అదే క్యూటీ, అదే టెర్మినేట్, లోపల పిలిచేది పీథ్రెడ్ క్యాన్సిల్‌ను. పేరుకు అది కూడా చంపేదే. కానీ పోసిక్స్, అంటే లైనక్స్ లాంటి సిస్టమ్‌లు పాటించే ప్రమాణం, దాని పద్ధతిలో మామూలుగా అది వెంటనే చంపదు, వాయిదా వేస్తుంది. థ్రెడ్ తనంతట తాను ఏదో ఒక ‘క్యాన్సిలేషన్ పాయింట్’ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రమే ఆ ఆజ్ఞ అమలవుతుంది. రీడ్, రైట్, స్లీప్, కండిషన్ వేరియబుల్ (ఒక థ్రెడ్ కేక వేసేదాకా ఇంకోటి నిద్రపోయే ఏర్పాటు) మీద వెయిట్, ఇలాంటివి ఆ పాయింట్లు. మెమరీ అడిగే మాలాక్ అందులో లేదు, మ్యూటెక్స్, అంటే ఒకేసారి ఒక్క థ్రెడ్డే పట్టుకోగల తాళం, దాన్ని వేసే లాక్ కూడా లేదు. అంటే నా థ్రెడ్ హీప్ తాళం పట్టుకుని ఉండగా లైనక్స్ దాన్ని ముట్టుకోలేదు. అది మళ్ళీ రీడ్‌కు వచ్చేదాకా ఆగి, అక్కడ పట్టుకుంది. పైగా గ్లిబ్‌సీ, అంటే లైనక్స్‌లో మామూలుగా ఉండే సి లైబ్రరీ, ఆ థ్రెడ్‌ను దించేటప్పుడు పిలిచిన ఫంక్షన్ల వరసైన స్టాక్‌ను ఒక్కో మెట్టూ దిగుతూ సి ప్లస్ ప్లస్ డిస్ట్రక్టర్లను కూడా నడుపుతుంది. తాళం పట్టి, పోయేటప్పుడు విడిచే నా మ్యూటెక్స్ లాకర్ కూడా మర్యాదగా తాళం విడిచి పోయింది. అంటే లైనక్స్ నా తప్పును కడుపులో పెట్టుకుంది. విండోస్ బయటపెట్టింది.

లైనక్స్ మంచిది, విండోస్ చెడ్డది అని రాసుకోకండి. లైనక్స్‌లో ఇదే టెర్మినేట్‌ను, లోపల ఏ క్యాన్సిలేషన్ పాయింటూ లేకుండా లెక్కలు వేసుకుంటూ తిరిగే లూప్ మీద ప్రయోగించండి. ఏమీ కాదు. అది తిరుగుతూనే ఉంటుంది, మీరు వెయిట్‌లో కూర్చునే ఉంటారు. సి ప్లస్ ప్లస్‌లో ఎవరో ఒకరు మూడు చుక్కల క్యాచ్ రాసి, పట్టుకున్నదాన్ని మళ్ళీ విసరకుండా మింగేశారనుకోండి, గ్లిబ్‌సీ మొత్తం ప్రోగ్రామ్‌నే పడగొట్టేస్తుంది. ఇక ఆండ్రాయిడ్‌కు వస్తే, దాని సి లైబ్రరీలో పీథ్రెడ్ క్యాన్సిల్ అనేదే లేదు. పెట్టలేదు. ఒకే పేరు, మూడు ఊళ్ళలో మూడు అర్థాలు. క్రాస్ ప్లాట్‌ఫామ్ లైబ్రరీ పేర్లను కలపగలదు, కింద ఉన్న సిస్టమ్‌ల స్వభావాన్ని కలపలేదు.

పేర్ల గొడవ వచ్చింది కాబట్టి చెబుతాను. ఇక్కడ పాస్కల్ భాషలో రాసేవాళ్ళు, లాజరస్, ఫ్రీ పాస్కల్ వాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఇద్దరున్నారు, సంతోషం. మీ టీథ్రెడ్‌లో టెర్మినేట్ అంటే ఏమిటి? ఒక జెండా ఎత్తడం, అంతే. ‘టెర్మినేటెడ్’ అనే గుర్తు నిజం అవుతుంది, థ్రెడ్ దాన్ని చూసుకుని తనే బయటికి రావాలి. అదే పేరు క్యూటీలో హత్య. సి ప్లస్ ప్లస్ ప్రామాణిక లైబ్రరీలో ఎస్‌టీడీ టెర్మినేట్ అంటే థ్రెడ్ ఒక్కటే కాదు, ప్రోగ్రామ్ మొత్తం కూలుతుంది. ఒక భాష నుంచి ఇంకో భాషకు పోయేటప్పుడు పేరు చూసి నమ్మితే నా గతే. డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ అనే ఇంకో లైబ్రరీ వాళ్ళు ఈ విషయంలో కొంచెం నయం. డిలీట్ అంటే అడగడం, కిల్ అంటే చంపడం. కిల్ అని రాసేటప్పుడు కనీసం చెయ్యి వణుకుతుంది.

ఆటలు రాసేవాళ్ళు వాడే ఎస్‌డీఎల్ లైబ్రరీలో కూడా మొదట్లో కిల్‌థ్రెడ్ ఉండేది. రెండో తరానికి వచ్చేసరికి తీసేశారు. జావాలో థ్రెడ్ స్టాప్‌ను వెర్షన్ 1.2 లోనే, అంటే 1998 లోనే వాడొద్దన్నారు. అయినా పాతికేళ్ళు అలాగే ఉంచి, 2023 లో వచ్చిన జావా 20 లో పిలిస్తే ఎక్సెప్షన్ వచ్చేలా చేశారు. సి ప్లస్ ప్లస్ 2011 ప్రమాణంలో థ్రెడ్‌లు వచ్చాయి గానీ చంపే ఫంక్షన్ అసలు పెట్టలేదు. 2020 లో జేథ్రెడ్ తెచ్చారు, స్టాప్ టోకెన్ తెచ్చారు. అది కూడా అడగడమే, చంపడం కాదు. ఇంతమంది ఇన్నేళ్ళు తల బద్దలుకొట్టుకుని ఒకే చోటికి వచ్చారు.

సరే, చంపకూడదు. మరి ఎలా ఆపాలి? అడగాలి, లేపాలి, ఆగాలి. మూడు మాటలు. అడగడం అందరికీ తెలుసు. ఆగడం చాలామందికి తెలుసు. మధ్యలో ‘లేపాలి’ అన్నదాన్ని మాత్రం అందరం మరిచిపోతాం.

అడగడం అంటే జెండా ఎత్తడం. క్యూటీలో 5.2 వెర్షన్ నుంచి రిక్వెస్ట్ ఇంటరప్షన్ ఉంది. థ్రెడ్ లోపల ప్రతి చుట్టుకూ ఒకసారి ఆ జెండా చూసుకోవాలి. సొంతంగా రాసుకుంటే ఆ అవును-కాదు గుర్తును, అంటే బూలియన్‌ను, అటామిక్‌గా, అంటే థ్రెడ్‌ల మధ్య భద్రంగా పంచుకునేలా పెట్టుకోండి. వోలటైల్ అని పెట్టి సరిపెట్టుకోకండి, సి ప్లస్ ప్లస్‌లో అది ఈ పనికి కాదు.

ఇక్కడ క్యూటీ వాడే ప్రతివాడూ ఒకసారి పడే గుంత ఒకటుంది. క్విట్ అనే ఫంక్షన్. క్విట్ అంటే థ్రెడ్‌ను ఆపమని కాదు, థ్రెడ్‌లోని ఈవెంట్ లూప్‌ను, అంటే వచ్చే కబుర్లను వరసగా అందుకునే లూప్‌ను, ఆపమని. మీరు రన్ ఫంక్షన్‌లో మీ సొంత వైల్ లూప్ రాసుకున్నారనుకోండి, అక్కడ ఈవెంట్ లూపే లేదు. క్విట్ పిలుస్తారు, వెయిట్ పిలుస్తారు, సాయంత్రం దాకా కూర్చుంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు. ఎన్నిసార్లు ఇది చూశానో లెక్క లేదు. అవతలివాళ్ళ కోడ్‌లోనే కాదు లెండి, నా కోడ్‌లో కూడా.

ఇప్పుడు లేపడం. బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నవాడి జేబులో ‘మీ స్టాప్ వచ్చింది’ అని చీటీ పెడితే దిగుతాడా? కండక్టర్ భుజం తట్టాలి. రీడ్‌లో కూర్చున్న థ్రెడ్ జెండా చూడదు. కండిషన్ వేరియబుల్ మీద నిద్రపోయేది జెండా చూడదు. దాన్ని కదిపే దారి మీరు ముందే పెట్టుకోవాలి.

సులువైన దారి, నిద్రను ముక్కలు చేయడం. శాశ్వతంగా చదవకుండా, సెకనులో ఐదో వంతు చదివి, రాకపోతే బయటికి వచ్చి జెండా చూసి, మళ్ళీ చదవడం. సీరియల్ పోర్టుకు లైనక్స్‌లో వీటైమ్ అనే అమరిక ఉంది, సెకనులో పదో వంతుల లెక్క. విండోస్‌లో సెట్‌కామ్‌టైమవుట్స్ ఉంది, మిల్లీసెకన్ల లెక్క. వేబ్రిడ్జికి ఇది ఎక్కువే. లారీ కాటా ఎక్కడానికే అర నిమిషం పడుతుంది, మనకు ఐదో వంతు సెకను ఒక లెక్కా?

ఇంకొంచెం పద్ధతైన దారి, రెండు తలుపుల ముందు కూర్చోవడం. ఒక తలుపు నుంచి డేటా వస్తుంది, రెండోదాని నుంచి ‘ఇక చాలు’ అనే కబురు వస్తుంది. లైనక్స్‌లో పోల్ పిలుపులో సీరియల్ పోర్టునూ, కబురు పంపుకోవడానికి ఒక పైపునూ కలిపి పెట్టండి, ఆపాలనుకున్నప్పుడు ఆ పైపులో ఒక బైట్ రాయండి. విండోస్‌లో వెయిట్‌ఫర్‌మల్టిపుల్‌ఆబ్జెక్ట్స్ అదే పని చేస్తుంది, కాకపోతే ఒకేసారి 64 హ్యాండిళ్ళ దాకానే (హ్యాండిల్ అంటే సిస్టమ్ ఇచ్చే గుర్తింపు టోకెన్). రీడ్ మధ్యలో ఉంటే క్యాన్సిల్‌ఐఓఎక్స్ అనేది విస్టా నుంచి ఉంది.

చాలామంది చేసే అతితెలివి ఒకటి చెప్పి ముందుకు పోతాను. ‘చదువుతున్న ఫైలును ఇంకో థ్రెడ్ నుంచి మూసేస్తే సరి, రీడ్ తనే బయటికి వస్తుంది’ అని. లైనక్స్‌లో రాకపోవచ్చు. అంతకన్నా చెడ్డది, మీరు మూసిన ఆ నంబరునే సిస్టమ్ ఇంకో ఫైలుకు ఇచ్చేస్తుంది. మీ పాత థ్రెడ్ వెళ్ళి ఎవరి ఫైలునో చదువుతుంది. ఇల్లు ఖాళీ చేశారు, కొత్తవాళ్ళు దిగారు, పాత పనిమనిషి వచ్చి వాళ్ళ గిన్నెలు తోముతోంది. గిన్నెలైతే పరవాలేదు, డేటాబేస్ ఫైలు అయితే?

కండిషన్ వేరియబుల్ సంగతి త్వరగా చెబుతాను. జెండాను తాళం పట్టుకుని ఎత్తండి, తర్వాత నోటిఫై చేయండి. తాళం లేకుండా ఎత్తితే, అవతలిది జెండా చూసి ‘ఇంకా లేదు’ అనుకుని నిద్రకు వాలుతున్న ఆ సందులో మీ కేక గాలిలో కలిసిపోతుంది. ఎవరూ పిలవకుండానే అప్పుడప్పుడు మెలకువ రావడం కూడా ఉంటుంది కాబట్టి ఎప్పుడూ లూప్‌లోనే వెయిట్ రాయండి.

ఇప్పుడు మూడోది, ఆగడం. దీన్ని తేలిగ్గా తీసుకుంటాం గానీ, లైబ్రరీ రాసేవాళ్ళను అడగండి, ఇదే పెద్ద తలనొప్పి.

విండోస్‌లో థ్రెడ్ హ్యాండిల్ కోసం ఆగడం చాలా సులువు. వెయిట్‌ఫర్‌సింగిల్‌ఆబ్జెక్ట్‌కు హ్యాండిల్ ఇవ్వండి, ఎన్ని మిల్లీసెకన్లో చెప్పండి. అయిపోతే ఒక జవాబు, టైము దాటితే ఇంకో జవాబు. ఎంతమంది ఆగినా, ఎన్నిసార్లు ఆగినా అభ్యంతరం లేదు, చివర్లో హ్యాండిల్ మూస్తే చాలు. పోసిక్స్‌లో అలా కాదు. థ్రెడ్ ముగిసేదాకా ఆగే పీథ్రెడ్ జాయిన్ ఒక్కసారే పిలవాలి, రెండోసారి పిలిస్తే ఏమవుతుందో ప్రమాణంలో చెప్పలేదు. పైగా దానికి టైము హద్దు లేదు. ‘రెండు సెకన్లు ఆగి చూస్తా’ అనే వీలు ప్రామాణిక పోసిక్స్‌లో జాయిన్‌కు లేదు. గ్లిబ్‌సీలో టైమ్డ్ జాయిన్ ఒకటుంది గానీ, దాని పేరు చివర ‘ఎన్‌పీ’ అని తోక ఉంటుంది. ఇది ప్రమాణం కాదు, అన్ని చోట్లా దొరకదు అని అర్థం.

మరి రెండు చోట్లా ‘ఇన్ని మిల్లీసెకన్లు ఆగు’ అనే ఒకే ఫంక్షన్ ఇవ్వాలంటే లైబ్రరీ ఏం చేయాలి? థ్రెడ్ తన పని చివర ‘నాది అయిపోయింది’ అని జెండా ఎత్తి కండిషన్ వేరియబుల్ మోగిస్తుంది. ఆగేవాళ్ళు ఆ వేరియబుల్ మీద ఆగుతారు. బాగానే ఉంది. కానీ మళ్ళీ భోజనాల దగ్గరికి రండి. ‘తినేశాను’ అన్నాడు. ఇంకా చెయ్యి కడుక్కోలేదు, కుర్చీ మీంచి లేవలేదు. థ్రెడ్ కూడా జెండా ఎత్తాక ఇంకా కొంచెంసేపు ఉంటుంది. థ్రెడ్ లోకల్ వస్తువుల, అంటే ఆ థ్రెడ్‌కే సొంతమైన వస్తువుల, డిస్ట్రక్టర్లు నడుస్తుండవచ్చు. అప్పుడే మీరు విస్తరి తీసేస్తే, అంటే ఆ థ్రెడ్ వాడే లైబ్రరీని మెమరీ నుంచి దించేస్తే, ప్రోగ్రామ్ కూలుతుంది. అందుకని జెండా కనిపించాక కూడా అసలు జాయిన్ పిలిచే తీరాలి. అది ఎక్కువసేపు పట్టదు, అయినా పిలవాలి.

టైము హద్దులో ఇంకో తమాషా. పోసిక్స్ కండిషన్ వేరియబుల్‌కు ‘రెండు సెకన్లు’ అని చెప్పరు, ‘ఫలానా గంటకు’ అని చెబుతారు. ఆ గంట మామూలుగా గోడ గడియారం లెక్క. ఈలోగా ఎవరైనా గడియారం ముల్లు తిప్పితే? రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్‌లో నాలుగో తరం దాకా గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటు పోయి వస్తే పాత టైముతో లేస్తుంది, నెట్ దొరకగానే ఒక్క దూకు దూకి అసలు టైముకు వస్తుంది. మన వైపు కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ దూకు మీ రెండు సెకన్ల మధ్యలో పడితే, థ్రెడ్‌కు అర సెకను కూడా ఇవ్వకుండానే ‘టైము అయిపోయింది’ అని జవాబు వస్తుంది. అందుకని లైనక్స్‌లో మోనోటానిక్ గడియారం, అంటే ఎవరు ముల్లు తిప్పినా దూకకుండా ముందుకే నడిచేది, పెట్టుకోవాలి. మ్యాక్‌లో ఆ అమరిక ఫంక్షన్ లేదు, దానికి వేరే దారి, ఇంతసేపు అని నేరుగా చెప్పే సొంత ఫంక్షన్ ఉంది. చూశారా, ఒక్క ‘ఆగు’ వెనక ఎంత ఉందో. మంచి లైబ్రరీలు వాడమనేది ఇందుకే.

విండోస్ సులువన్నాను గానీ, అక్కడా ఒక ముల్లు ఉంది. థ్రెడ్ అయిపోయిందా అని దాని ఎగ్జిట్ కోడ్, అంటే ముగిసేటప్పుడు ఇచ్చే అంకె, అడిగి తెలుసుకునేవాళ్ళున్నారు. ఇంకా నడుస్తుంటే 259 వస్తుంది. మీ థ్రెడ్ ఖర్మకొద్దీ 259 నే తన ఫలితంగా ఇచ్చి ముగిసిందనుకోండి, మీ లెక్కలో అది చిరంజీవి. హ్యాండిల్ మీద ఆగండి, కోడ్ అడగకండి.

ఆగేటప్పుడు ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారో కూడా చూసుకోండి. మెయిన్ థ్రెడ్ వెయిట్‌లో కూర్చుంది. పని థ్రెడ్ ఆఖరి అంకె తెర మీద చూపించమని మెయిన్‌కు సిగ్నల్ పంపి, ‘చూపించాక చెప్పు, అప్పటిదాకా ఉంటా’ అంది. క్యూటీలో దాన్ని బ్లాకింగ్ క్యూడ్ కనెక్షన్ అంటారు. పెళ్ళి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదు. డెడ్‌లాక్‌కు ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకలేదు. విండోస్‌లో డీఎల్ఎల్ (అవసరమైనప్పుడు ఎక్కించే లైబ్రరీ ఫైలు) ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నడిచే డీఎల్ఎల్ మెయిన్‌లో కూర్చుని థ్రెడ్ కోసం ఆగినా ఇదే గతి. థ్రెడ్ ముగియాలంటే డీఎల్ఎల్‌లను ఎక్కించే లోడర్ తాళం కావాలి, ఆ తాళం మీ దగ్గరే ఉంది.

ఆగడమే మరిచిపోతే? భాషను బట్టి శిక్ష. సి ప్లస్ ప్లస్‌లో జాయిన్ చేయకుండా, డిటాచ్ చేయకుండా (దాని మానాన వదలకుండా) థ్రెడ్ ఆబ్జెక్ట్ చస్తే ప్రోగ్రామ్ కూలుతుంది. క్యూటీ ‘నడుస్తుండగానే నాశనం చేశారు’ అని ఒక ముక్క రాసి కూలుతుంది. రస్ట్ మాత్రం ఏమీ అనకుండా థ్రెడ్‌ను దాని మానాన వదిలేస్తుంది. నన్నడిగితే కూలడమే నయం. తప్పు చేసిన చోటే తెలుస్తుంది.

ఇక ప్రశ్నలు అడగండి. టీ వచ్చేలోగా రెండో మూడో.

(పైథాన్‌లో జాయిన్‌కు టైము ఇవ్వొచ్చు కదా, అప్పుడు ఇవన్నీ అవసరమా అని ఒక విద్యార్థిని అడిగారు.)

ఇవ్వొచ్చమ్మా. కానీ ఆ జాయిన్ టైము దాటినా, థ్రెడ్ ముగిసినా ఒకటే జవాబు ఇస్తుంది, నన్. ఏదీ చెప్పదు. తర్వాత ఈజ్ అలైవ్ అని అడిగి చూసుకోవాలి. అడగకుండా ముగిసిందనుకుని ముందుకు పోయిన కోడ్ నేను చాలా చూశాను. పైథాన్‌లో కూడా చంపే ఫంక్షన్ లేదు, గమనించావా?

(టైము దాటిందని తెలిశాక ఏం చేయాలి, అప్పుడైనా టెర్మినేట్ చేయొచ్చా అని ఇంకొకరు.)

నేనైతే చేయను. లాగ్‌లో రాస్తాను, ఫలానా థ్రెడ్ రెండు సెకన్లలో రాలేదని. వాడుకరికి చెబుతాను. ప్రోగ్రామ్ మూస్తున్న సందర్భమైతే ఇంకో చిక్కుంది. లైనక్స్‌లో మెయిన్ ముగిశాక గ్లోబల్ వస్తువుల డిస్ట్రక్టర్లు నడుస్తుంటాయి, మిగిలిన థ్రెడ్‌లు అప్పటికింకా బతికే ఉంటాయి, కూల్చిన ఇంట్లో తిరుగుతుంటాయి. విండోస్‌లో ఎగ్జిట్‌ప్రాసెస్ ముందు మిగిలిన థ్రెడ్‌లన్నిటినీ చంపి, ఆ తర్వాత డీఎల్ఎల్‌లకు ‘సర్దుకోండి’ అని చెబుతుంది, అప్పటికి తాళాలు పట్టుకున్నవాళ్ళు పోయి ఉంటారు. ఒకచోట ఇల్లు ముందు, ఇంకోచోట మనుషులు ముందు. రాని థ్రెడ్ ఉందని తెలిసినప్పుడు డేటా అంతా రాసేసి, డిస్ట్రక్టర్ల జోలికి పోకుండా నేరుగా ప్రాసెస్‌ను ముగించడం మేలు. అందంగా ఉండదు, కానీ ఏమవుతుందో మనకు తెలుస్తుంది.

(కాటా కంపెనీ ఇచ్చిన డీఎల్ఎల్ లోపలే థ్రెడ్ ఇరుక్కుంటే, సోర్స్ మన దగ్గర లేదు, జెండా చూడదు, లేపే దారీ లేదు. అప్పుడు?)

మంచి ప్రశ్న నాయనా, ఆ వేబ్రిడ్జిలో ఆఖరికి నాకు ఎదురైంది ఇదే. తర్వాతి ఏడాది వాళ్ళు ఇండికేటర్ మార్చారు. కొత్తది దాని సొంత డీఎల్ఎల్‌తోనే మాట్లాడుతుంది. కేబుల్ ఊడితే ఆ డీఎల్ఎల్ పిలుపు తిరిగి రాదు. అడిగినా లేపినా లాభం లేదు.

అప్పుడు ఆ చదివే పనిని థ్రెడ్‌గా ఉంచడం మానేశాను. వేరే చిన్న ప్రోగ్రామ్ చేశాను, వేరే ప్రాసెస్. అది డీఎల్ఎల్‌తో మాట్లాడి, వచ్చిన అంకెను పైపు మీద మెయిన్ ప్రోగ్రామ్‌కు పంపుతుంది. మూడు సెకన్లు అంకె రాకపోతే మెయిన్ ప్రోగ్రామ్ దాన్ని చంపి కొత్తది లేపుతుంది. ప్రాసెస్‌ను చంపొచ్చు. దాని హీప్ దానిది, దాని తాళాలు దానివి, పోతూ పోతూ అన్నీ దానితోనే పోతాయి, ఫైళ్ళూ పోర్టులూ సిస్టమే మూసేస్తుంది. స్టోరు గది తాళంచెవి మన బొడ్లోనే ఉంటుంది. సగం రాసిన ఫైలు ఉంటే మాత్రం సగమే ఉంటుంది, అందుకని ఫైళ్ళు రాసే పని ఆ చిన్నదానికి ఇవ్వలేదు.

మొన్న ఉల్లి సీజన్‌లో అటుగా పోతూ ఆగాను. పెద్దాయన అక్కడే ఉన్నాడు. “ఇప్పుడు నిలబడిపోవట్లేదా?” అని అడిగాను. “లేదప్పా, ఒక్కోసారి రెప్పపాటు ఆగి మళ్ళీ వస్తుంది” అన్నాడు. ఆ రెప్పపాటులో ఒక ప్రాసెస్ చచ్చి ఇంకోటి పుట్టిందని ఆయనకు చెప్పలేదు. రసీదు పుస్తకం మాత్రం బల్ల మీద అలాగే ఉంది.

టీ వచ్చినట్టుంది, పదండి.